క్లినిక్‌లో చూపించిన ఆ 190 మీ కుక్క గుండెది కాదు, దాని భయానిది!

190. మా కుక్క రాజాని క్లినిక్‌కి తీసుకెళ్తే ఈసీజీలో వచ్చిన అంకె ఇది. నిమిషానికి 190 సార్లు కొట్టుకుంటోందట గుండె. నేను గట్టిగా చెబుతున్నాను, ఆ 190 మా రాజాది కాదు. వాడి భయానిది. హైదరాబాద్‌లో సైనిక్‌పురి నుంచి గంటంపావు కారులో కూర్చుని, తార్నాక దగ్గర హారన్ల మధ్య ఇరుక్కుని, ఫినాయిల్ వాసన కొట్టే గదిలో అటుపక్క రాట్‌వైలర్ మొరుగుతుంటే వణుకుతూ నిలబడ్డ కుక్క అంకె అది!

నమస్తే అందరికీ. పోయిన వీడియోలో నేను ఒక మాట అన్నాను. గుండె లయ తప్పిన కుక్కకి క్లినిక్‌లో కొలిచిన వేగం ఒక్కటే చూసి మందు డోస్ పెంచకూడదు అన్నాను. కామెంట్లలో పెద్ద గొడవ. "డాక్టర్ దగ్గరికి వెళ్లొద్దంటారా?" అని కొందరు, "మీలాంటి వాళ్ల వల్లే కుక్కలు చచ్చిపోతున్నాయి" అని కొందరు. నేను వెళ్లొద్దని అనలేదు, ఎప్పటికీ అనను. డాక్టర్ గారికి సరైన అంకె తీసుకెళ్లి ఇవ్వండి అంటున్నాను. ఆ మాట మీద ఇవాళ కూడా నిలబడతాను.

రాజా గ్రేట్ డేన్. ఐదేళ్లు, అరవై కిలోల పైనే. వాడికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది, అంటే గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు. పెద్ద జాతి కుక్కల్లో ఎక్కువగా వచ్చేదే ఇది. బోనాల్లో తీన్‌మార్ దరువు వినే ఉంటారు కదా? ఎంత జోరుగా కొట్టినా అందులో ఒక లెక్క ఉంటుంది, కాలు దానంతటదే కదులుతుంది. రాజా ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి వింటే ఆ లెక్కే ఉండదు. రెండు దెబ్బలు దగ్గరగా, తర్వాత ఖాళీ, మళ్లీ నాలుగు ఒకదాని మీద ఒకటి. మొదటిసారి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు భయం ఎందుకు అంత ముఖ్యమో చెప్తాను. ఈ జబ్బులో గుండె పై గదులు, అంటే కర్ణికలు, సరిగ్గా ముడుచుకోకుండా ఊరికే వణుకుతుంటాయి. అక్కడ నిమిషానికి వందల కొద్దీ సంకేతాలు పుడతాయి. అవన్నీ కింది గదులకు చేరితే ప్రాణం ఉండదు. మధ్యలో ఏవీ నోడ్ అని ఒకటుంది, మన అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాగా. కొన్నిటినే లోపలికి వదులుతుంది. డిల్టియాజెమ్, డిగాక్సిన్ మందులు చేసేది ఆ వాచ్‌మన్‌ని ఇంకాస్త కట్టుదిట్టం చేయడమే. మరి కుక్క భయపడితే? అడ్రినలిన్ వచ్చి గేటు బార్లా తెరుస్తుంది. 110 ఉన్నది 190 అవుతుంది. మందు పని చేయక కాదు, భయం వల్ల!

మాకు ఏం జరిగిందో వినండి. ఆ 190 చూసి అక్కడి డాక్టర్ గారు "రేటు కంట్రోల్‌లో లేదమ్మా, డోస్ పెంచుదాం" అన్నారు. పెంచారు. నాలుగో రోజుకి రాజా గిన్నె దగ్గరికి రావడం మానేశాడు. పెరుగన్నం అంటే పడి చచ్చే వాడు మూతి తిప్పుకున్నాడు. వాంతులు. మా అమ్మ పక్కనే కూర్చుని "నాన్నా, ఒక్క ముద్ద తినరా" అని బతిమాలుతుంటే కళ్లెత్తి చూడటానికి కూడా వాడికి ఓపిక లేదు. డిగాక్సిన్ కొంచెం ఎక్కువైనా ఇదే వరస. పని చేసే మోతాదుకీ, విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ. అందుకే దాన్ని రక్తపరీక్షతో చూసుకుంటారు. మాకు ఆ పరీక్ష ఎవరూ చెప్పలేదు. ఈ విషయంలో నా కోపం ఇంకా చల్లారలేదు.

రెండో డాక్టర్ గారు మొదట అడిగిన ప్రశ్న, "ఇంట్లో పడుకున్నప్పుడు ఎంత ఉంటుందమ్మా?" అని. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే మొదలుపెట్టాను. ఎడమ పక్క, మోచెయ్యి ఛాతీకి తగిలే చోట స్టెతస్కోప్. పూర్తిగా 60 సెకన్లు. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం ఈ జబ్బున్న కుక్కల దగ్గర పనికిరాదు, ఎందుకంటే ఏ పదిహేను సెకన్లూ ఒకేలా ఉండవు. నాకు 112 వచ్చింది. అదే సమయంలో మా తమ్ముడు వెనక తొడ లోపలివైపు వేళ్లు పెట్టి నాడి లెక్కపెట్టాడు. వాడికి 84! "అక్కా, నువ్వు తప్పు లెక్కపెట్టావ్" అన్నాడు. ఇద్దరిదీ రైటే. మరీ తొందరగా పడిన దెబ్బకి గుండె నిండదు, ఆ దెబ్బ తొడ దాకా రాదు. ఆ తేడా కూడా రాసి డాక్టర్‌కి చూపించాలి.

తర్వాత హోల్టర్ పెట్టించాం. ఇరవై నాలుగు గంటల ఈసీజీ. ఛాతీ మీద బొచ్చు గొరిగి, ప్యాచ్‌లు అంటించి, పైన కోటు తొడిగి ఇంటికి పంపారు. మెషీన్ కోసం ఎంత తిరిగానో, ఎన్ని ఫోన్లు చేశానో నాకే తెలుసు. ఇంత పెద్ద సిటీలో అంత కష్టం ఎందుకుండాలి? రిపోర్ట్‌లో రోజంతా సగటు 118. సాయంత్రం 4:10కి ఒక్కసారిగా 205. ఏ టైముకి ఏం జరిగిందో రాసుకున్న డైరీ తీసి చూస్తే అప్పుడు డెలివరీ అబ్బాయి బెల్ కొట్టాడు! డాక్టర్ గారు రిపోర్ట్ పక్కన రక్తపరీక్ష కూడా పెట్టుకుని చూసి డోస్ తగ్గించారు. ఆయనే తగ్గించారు, నేను కాదు. మీరు సొంతంగా ఒక్క మాత్ర కూడా మార్చొద్దు.

ఈ సగటు ఎందుకంత పట్టుకుని మాట్లాడుతున్నానంటే, 2018లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న 46 కుక్కల రికార్డులు తిరగేసి ఒక పరిశోధన వచ్చింది. హోల్టర్‌లో సగటు 125 లోపు ఉన్నవి మధ్యస్థంగా 1037 రోజులు బతికాయి. 125 దాటినవి 105 రోజులు. మళ్లీ చెబుతున్నాను, హోల్టర్‌లో సగటు! క్లినిక్‌లో రెండు నిమిషాల ఈసీజీ కాదు. నా నమ్మకం ఏంటంటే, హైదరాబాద్‌లో చాలా కుక్కలకు డోస్ రాస్తున్నది వాటి గుండెని చూసి కాదు, మన ట్రాఫిక్‌ని చూసి. ఎవరు ఒప్పుకోకపోయినా నేను అంటూనే ఉంటాను.

మీకో సంగతి తెలుసా? ఈసీజీని జనానికి చూపించిన తొలి రోజుల్లో హీరో ఒక కుక్కే. లండన్‌లో ఆగస్టస్ వాలర్ అనే ఆయన 1887లోనే మనిషి ఈసీజీ తీశాడు. ఆయన బుల్‌డాగ్ పేరు జిమ్మీ. 1909లో రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘంలో జిమ్మీ పాదాలు ఉప్పు నీళ్ల గాజు జాడీల్లో పెట్టించి అందరికీ చూపించాడు. కుక్కని హింసిస్తున్నారని పార్లమెంటులో ప్రశ్న కూడా లేచింది! అవి మామూలు ఉప్పు నీళ్లేనని హోం మంత్రి జవాబు చెప్పాల్సి వచ్చింది. జిమ్మీ ఆ నీళ్లలో నెమ్మదిగా నిలబడింది. నేను చెప్పేదీ అదే కదా! కుక్క నెమ్మదిగా ఉన్నప్పుడు తీస్తేనే దాని గుండె కనిపిస్తుంది.

నాడి చూపించే స్మార్ట్ వాచీ తీసి కుక్క కాలికి కట్టే వాళ్లకి ఒక దండం. అది మనిషి చర్మానికి చేసిన వస్తువు, బొచ్చు మీద దాని వెలుతురు పనిచేయదు. ఫోన్‌కి పెట్టుకునే చిన్న ఈసీజీ పరికరం కొంత నయం, బొచ్చు తడిపి ఛాతీకి ఆనిస్తే గీత వస్తుంది. కానీ కింద అది రాసే తీర్పు మనుషుల లెక్క. గీతని మాత్రం డాక్టర్‌కి పంపండి.

లయ కొంచెం తప్పగానే హడలిపోకండి కూడా. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి గాలి పీల్చేటప్పుడు గుండె కొంచెం జోరందుకుని, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. అది మామూలే. నిద్రలో నిమిషానికి శ్వాసలు 30 దాటుతుంటే, కుక్క కళ్లు తిరిగి పడిపోతే మాత్రం లెక్కలు పక్కన పెట్టి వెంటనే బండి తీయండి.

రాజా ఇక్కడే, ఫ్యాన్ కింద చల్లటి బండల మీద పడుకున్నాడు. స్టెతస్కోప్‌కి మైక్ తగిలించాను. నేనిక మాట్లాడను. సరిగ్గా 60 సెకన్లు వినిపిస్తాను, మీరు లెక్కపెట్టి వచ్చిన అంకె కామెంట్‌లో రాయండి. మొదలుపెడుతున్నా.