ఎనిమిది పోర్టుల సీరియల్ కార్డు రివ్యూ: పాత స్కో యూనిక్స్ మెషిన్‌లో మొండికేస్తే ఏం చెయ్యాలి

నమస్కారం. ఒక స్కో యూనిక్స్ మెషిన్‌కి ఎనిమిది టెర్మినళ్లున్నాయి, అంటే సీరియల్ కేబుల్‌తో కార్డుకి తగిలించిన తెర, కీబోర్డు జతలు. నాలుగో దాని మీద లాగిన్ రావడం లేదు. లేదా ఎనిమిదీ ఒకేసారి ఆగిపోయాయి. ఈ రెండూ వేరువేరు జబ్బులు. ఒక్క పోర్టే పోతే కార్డు జోలికి వెళ్లే ముందు లైను చూడాలి. అన్నీ పోతే కేబుళ్లు వదిలేసి కార్డు, ఇంటరప్టు (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం), పవర్ సప్లై చూడాలి. ఈ తేడా గమనించకుండా చాలామంది నేరుగా డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. దాంతో బాగా పనిచేస్తున్న ఏడు పోర్టులూ ఆగిపోతాయి.

ఇవాళ బల్ల మీద ఉన్నది ఐఎస్‌ఏ అనే పాత రకం స్లాట్‌లో కూర్చునే ఎనిమిది పోర్టుల మామూలు కార్డు. సొంత ప్రాసెసర్ లేదు, సీరియల్ అక్షరాలు పంపి అందుకునే 16550 చిప్‌లు మాత్రమే ఉన్నాయి. మెషిన్ పెంటియం కాలం నాటిది, అందులో స్కో కంపెనీ యూనిక్స్, ఓపెన్‌సర్వర్ 5 నడుస్తోంది. 90ల్లో మన బ్యాంకు శాఖల్లో, గోదాముల్లో ఒక్క యూనిక్స్ మెషిన్‌కి ఇలాంటి కార్డు పెట్టి హాలంతా టెర్మినళ్లు నడిపేవారు. ఇప్పటికీ ఇలాంటి మెషిన్‌ని కాపాడుకుంటున్న వాళ్ల కోసమే ఈ వీడియో.

ముందు చిప్‌లు. కార్డుని వెలుతురులో పెట్టి నంబర్ చదవండి. 16450 అయితే ఒక్క అక్షరానికే చోటు. రెండోది వచ్చేలోపు కెర్నెల్ (యూనిక్స్ మూల ప్రోగ్రామ్) మొదటిది తీసుకోకపోతే అది పోయినట్టే. 9600 వేగంలో సెకనుకి 960 అక్షరాలు. ఎనిమిది తెరలూ ఒకేసారి నిండుతుంటే సెకనుకి 7,680 ఇంటరప్టులు. 16550ఏలో అటు 16, ఇటు 16 బైట్ల ఫైఫో, అంటే అక్షరాల క్యూ, ఉంటుంది కాబట్టి అదే పనికి పంపే వైపు 480 ఇంటరప్టులు చాలు. నంబర్ చివర ఏ అక్షరం ఉందో లేదో చూడండి. ఏ లేని తొలినాటి 16550లో ఫైఫో సరిగా పనిచెయ్యదు, దాన్ని 16450 కిందే లెక్కెయ్యాలి. అలాగని 16450 కార్డుని పారెయ్యనక్కర్లేదు. మనుషులు టైపు చేసే టెర్మినళ్లకి అది సరిపోతుంది. మోడెమ్ నుంచో తూకం మెషిన్ నుంచో డేటా ధారగా వచ్చే పోర్టు దగ్గరే అక్షరాలు ఎగిరిపోతాయి. 38,400 వేగంలో ఒక్కో అక్షరానికి 260 మైక్రోసెకన్లే టైము మరి.

ఇప్పుడు అన్ని పోర్టులూ పోయిన కేసు. ప్రాంప్టు దగ్గర హెచ్‌డబ్ల్యూకాన్ఫిగ్ కొట్టండి, మెషిన్ గుర్తించిన హార్డ్‌వేర్ జాబితా వస్తుంది. సీరియల్ వరసలో అడ్రస్, ఇంటరప్టు, పోర్టుల సంఖ్య కనిపిస్తాయి. కార్డు మీది స్విచ్‌లతో, జంపర్లతో వాటిని పోల్చండి. ఒక్కో పోర్టుకి 8 అడ్రస్‌లు, ఎనిమిదింటికి 64. అంటే 180 హెక్స్ దగ్గర మొదలైన కార్డు 1బీఎఫ్ దాకా వెళ్తుంది. ఆ మధ్యలో నెట్‌వర్క్ కార్డు ఏదైనా ఉంటే రెండూ చెడతాయి.

కార్డు కనిపిస్తోంది కానీ తెర మీద ఒక్క అక్షరం వచ్చి ఆగిపోతోంది. లేదా ఒక్కొక్కటే నత్తనడకన వస్తున్నాయి. ఇది దాదాపు ఎప్పుడూ ఇంటరప్టు గొడవే. చిప్ ఖాళీ అయిందన్న కబురు కెర్నెల్‌కి చేరడం లేదు. ఐఎస్‌ఏ బస్‌లో ఇంటరప్టు అంచు మీద, అంటే సిగ్నల్ మారే క్షణంలో, పనిచేస్తుంది కాబట్టి రెండు కార్డులు ఒకే లైను పంచుకోలేవు. మదర్‌బోర్డు మీది సీరియల్ పోర్టుల్లో కామ్1 ఇంటరప్టు నంబర్ 4ని, కామ్2 3ని, ప్రింటర్ పోర్టు 7ని పట్టుకుని ఉంటాయి. కార్డుకి 3 ఇవ్వాలంటే బయోస్‌లో కామ్2ని ఆపెయ్యాలి. పెంటియం బోర్డుల్లో ఇంకో చిక్కుంది. బయోస్ ఆ నంబర్‌ని తనంతట తానే ఏ పీసీఐ (ఐఎస్‌ఏ తర్వాతి రకం స్లాట్) కార్డుకో ఇచ్చేస్తుంది. పీసీఐ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ ఇంటరప్టుని లెగసీ ఐఎస్‌ఏకి కేటాయించండి. కొత్త నెట్‌వర్క్ కార్డు పెట్టగానే టెర్మినళ్లన్నీ ఆగిపోయాయంటే మొదట ఇక్కడే చూడాలి.

ఇవన్నీ సరిగానే ఉన్నాయి, ఒక్క పోర్టు నుంచీ అక్షరం రావడం లేదు. అప్పుడు పవర్ సప్లై మార్చారేమో కనుక్కోండి. కేబుల్ మీదికి సిగ్నల్ పంపే లైన్ డ్రైవర్ చిప్ 1488కి +12, -12 వోల్టులు రెండూ కావాలి. ఆ -12 నీలం తీగ మీద వస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూడండి. అది లేకపోతే డిస్క్ తిరుగుతుంది, యూనిక్స్ బూట్ అవుతుంది, కన్సోల్ మీద ఏ తేడా కనపడదు. సీరియల్ పోర్టులే చచ్చిపోతాయి.

ఇక ఒక్క పోర్టే పోయిన కేసు. ఎక్కువ ఫిర్యాదులు ఇలాంటివే.

స్కోలో ప్రతి పోర్టుకీ రెండు పేర్లు. కామ్1 స్థానంలో పెట్టిన కార్డుకి టీటీవై1 తర్వాత చిన్న ఏ నుంచి చిన్న హెచ్ దాకా ఉంటాయి. అవే పెద్ద అక్షరాలతోనూ ఉంటాయి. పెద్ద అక్షరం అంటే మోడెమ్ కంట్రోల్, అవతల మోడెమ్ కలిసిందని చెప్పే క్యారియర్ సిగ్నల్ వచ్చేదాకా పోర్టు తెరుచుకోదు. మూడు తీగల కేబుల్‌తో పెట్టిన టెర్మినల్‌కి పెద్ద అక్షరం పోర్టు ఎనేబుల్ చేస్తే లాగిన్ ఎప్పటికీ రాదు. ఒకే పోర్టుకి రెండు పేర్లూ ఎనేబుల్ చేసినా గొడవే. టెర్మినల్‌కి చిన్న అక్షరం, మోడెమ్‌కి పెద్ద అక్షరం, రెండోది డిసేబుల్. ఇంకో మాట. ఏ పోర్టులో లాగిన్ నడవాలో చెప్పే ఇనిట్‌టాబ్ ఫైలుని చేత్తో దిద్ది వదిలెయ్యకండి. కెర్నెల్ రీలింక్ చేసినప్పుడు (డ్రైవర్‌నో ప్యాచ్‌నో కలిపి మళ్లీ కట్టినప్పుడు) ఆ ఫైలు ఇనిట్ డాట్ బేస్ నుంచీ ఇనిట్ డాట్ డీ డైరెక్టరీలోని ఫైళ్ల నుంచీ మళ్లీ తయారవుతుంది. మీ దిద్దుబాటు అక్కడ లేకపోతే పోయినట్టే. ఆరు నెలల తర్వాత ఏదో ప్యాచ్ వేస్తే టెర్మినల్ ఆగిపోవడానికి ఇదీ ఒక కారణం.

పేర్లు సరిగానే ఉన్నాయా? అయితే మీటర్ తియ్యండి. టెర్మినల్‌ని లైను నుంచి విప్పండి. 25 పిన్నుల కనెక్టర్ మీద 7 గ్రౌండ్. కార్డు వైపు పిన్ 2కి, 7కి మధ్య కొలిస్తే -5 నుంచి -12 లోపు రావాలి. ఖాళీగా ఉన్న ట్రాన్స్‌మిట్ లైను ఎప్పుడూ నెగెటివ్‌లోనే ఉంటుంది. సున్నా దగ్గర ఉంటే ఆ పోర్టు లైన్ డ్రైవర్ చిప్ పోయింది. ఇప్పుడు టెర్మినల్‌కి తగిలించిన కేబుల్ రెండో చివర కొలవండి. అక్కడ నెగెటివ్ పిన్ 3 మీద రావాలి. రెండు వైపులా పిన్ 2 మీదే వస్తే కేబుల్ నేరుగా ఉంది, 2ని 3కి తిప్పిన నల్ మోడెమ్ కేబుల్ కావాలి.

తర్వాత లూప్‌బ్యాక్, అంటే పంపినది అదే పోర్టుకి తిరిగొచ్చేలా చేసే పరీక్ష. ముందు ఆ పోర్టుని డిసేబుల్ చెయ్యండి, ఇది మర్చిపోకూడదు. లాగిన్ అడిగే ప్రోగ్రామ్ గెట్టీ నడుస్తుండగా 2, 3 కలిపితే అది పంపిన లాగిన్ ప్రాంప్టు దానికే తిరిగొస్తుంది. దాన్నే యూజర్ పేరనుకుని పాస్‌వర్డ్ అడుగుతుంది, మళ్లీ మొదటికొస్తుంది, మెషిన్ మొత్తం నెమ్మదిస్తుంది. డిసేబుల్ చేశాక పిన్ 2, 3 చిన్న తీగతో కలపండి. కన్సోల్ ఒక తెర మీద పోర్టు సెట్టింగులు మార్చే ఎస్‌టీటీవై కమాండ్‌తో 9600, ఎనిమిది బిట్లు, పారిటీ లేకుండా, సీలోకల్ (క్యారియర్ కోసం ఆగకుండా), ఎకో ఆఫ్ పెట్టి, అదే బ్రాకెట్ లోపల, వచ్చింది తెర మీద చూపించే క్యాట్ కమాండ్ నడిపించండి. మొత్తం కమాండ్ వీడియోలో కనిపిస్తోంది చూడండి. ఎకో ఆఫ్ చెయ్యకపోతే వచ్చిన అక్షరం మళ్లీ వెళ్తూ తిరుగుతూనే ఉంటుంది. రెండో తెర మీద నుంచి ఎకో కమాండ్‌తో ఆ పోర్టుకి ఒక మాట పంపండి. మొదటి తెర మీద అది కనిపిస్తే కార్డు, డ్రైవర్, ఇంటరప్టు అన్నీ బాగున్నట్టే. తప్పు కేబుల్‌లోనో టెర్మినల్ సెటప్‌లోనో ఉంది.

కనిపించకపోతే, పిన్ 2 మీద నెగెటివ్ మాత్రం వస్తుంటే, వినే చిప్ 1489 మీద అనుమానపడండి. కొన్ని కార్డుల్లో వీటి మీద 75188, 75189 అని ఉంటుంది, అవే చిప్‌లు. ఒక్కో దాంట్లో నాలుగు లైన్లుంటాయి కాబట్టి పక్కపక్క పోర్టులు రెండూ కలిసి పోవచ్చు. 14 కాళ్ల చిప్, సాకెట్‌లో ఉంటే మార్చడం నిమిషాల పని. పిడుగుల కాలంలో ముందు పోయేవి ఇవే. టెర్మినల్ వేరే గదిలో వేరే ఎర్తింగ్ మీద ఉంటే పిడుగు పడకుండానే పోతాయి, ఎందుకంటే రెండు ఎర్త్‌ల మధ్య తేడా పిన్ 7 మీదుగానే ప్రవహిస్తుంది. భవనం దాటే లైనుకి ఆప్టికల్ ఐసొలేటర్ పెట్టాల్సిందే. మామూలు కేబుల్ 15 మీటర్ల లోపు ఉంటే మంచిది. ఇంకా దూరమైతే వేగం తగ్గించండి.

కన్సోల్ మీద గార్బేజ్ ఆర్ లూజ్ కేబుల్ అన్న హెచ్చరిక వచ్చి పోర్టు మూసుకుపోతే, అది నిజంగానే కేబుల్ గురించే చెబుతోంది. అవతల టెర్మినల్ ఆపేసి పొడవాటి తీగ వదిలేస్తే, అది పక్క తీగల నుంచి చప్పుడు పట్టుకుని అక్షరాల్లా పంపుతుంది. వాడని లైనుని డిసేబుల్ చెయ్యండి.

తెర బిగుసుకుపోయిందంటే ముందు కంట్రోల్ క్యూ కొట్టి చూడండి. ఎవరో కంట్రోల్ ఎస్ నొక్కి ఉండొచ్చు. సీరియల్ ప్రింటర్ మొదటి పేజీ తర్వాత చెత్త కొడితే ఫ్లో కంట్రోల్ (ఆగు, పంపు అని చెప్పుకునే ఏర్పాటు) లేదని అర్థం. ఎస్‌టీటీవైతో పెట్టినా పోర్టు మూసుకోగానే సెట్టింగులు పోతాయి. అందుకే బూట్‌లోనే ఒక చిన్న స్క్రిప్టు ఆ పోర్టుని తెరిచి, ఎస్‌టీటీవై చేసి, నిద్రపోతూ పట్టుకుని ఉండాలి.

సొంత ప్రాసెసర్ ఉన్న తెలివైన కార్డుల సంగతి? పదహారు, ముప్పై రెండు పోర్టులకి అవే కావాలి. కానీ వాటికి 640కే పైన మెమరీ కిటికీ కావాలి, డీ0000 దగ్గరో ఇంకెక్కడో. ఆ జాగాలో బయోస్ షాడో (బయోస్‌ని ర్యామ్‌లోకి కాపీ చెయ్యడం) గానీ క్యాష్ గానీ ఆన్‌లో ఉంటే డ్రైవర్‌కి కార్డే కనపడదు. డీసీ000 దగ్గర అడాప్టెక్ 1542 స్కజీ డిస్క్ కార్డు బయోస్ ఉంటుంది, దానితో తగాదా. పైగా డ్రైవర్ ఫ్లాపీ పోతే ఆ కార్డు ఇక పనికిరాదు. సైక్లేడ్స్ సైక్లోమ్-వై మధ్యస్థం. ప్రాసెసర్ లేదు, సీడీ1400 చిప్ నాలుగేసి పోర్టులు చూసుకుంటుంది, 12 బైట్ల ఫైఫో, 8కే కిటికీ.

ఎనిమిది టెర్మినళ్ల వరకు నా ఓటు ఈ మామూలు 16550 కార్డుకే. ఏది పోయినా చిప్ కొని మార్చుకోవచ్చు, సమస్య మీటర్‌తో దొరుకుతుంది. స్కో సొంత సీరియల్ డ్రైవర్‌కి తెలిసిన కార్డయితే ఎంకేడెవ్ సీరియల్ కమాండ్‌తోనే ఎక్కేస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు మాత్రం ఎనిమిది కాళ్ల ఆక్టోపస్ కేబుల్ కూడా వస్తుందా అని అడగండి. ఆ కనెక్టర్ పిన్నుల వరస కంపెనీకొకటి, ఒకదాని కేబుల్ ఇంకోదానికి పనిచెయ్యదు. కార్డు ఎంత చవగ్గా వచ్చినా కేబుల్ లేకపోతే వదిలెయ్యండి.