ఆడేవాళ్లు, ఆడించేవాళ్లు

సభకు నమస్కారం.

2018 మే నెలలో రెండు రోజుల తేడాతో జరిగిన రెండు సంగతులు చెప్పి మొదలుపెడతాను. మే 9న ఎన్‌బీఏ అనే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో కోచ్‌లంతా ఓట్లేసి, ఆ ఏడు తమలో మేటి డ్వేన్ కేసీ అని తేల్చారు. మే 11న టొరాంటో రాప్టర్స్ ఆయన్ని కొలువులోంచి తీసేసింది. ఆ సీజన్లో ఆయన జట్టు 82 ఆటల్లో 59 గెలిచింది. అప్పటిదాకా ఆ జట్టు ఒక సీజన్లో అన్ని ఆటలు ఎన్నడూ గెలవలేదు. జూన్ చివర్లో లీగ్ తరఫున ఇచ్చే ఉత్తమ కోచ్ బహుమతి కూడా కేసీకే వచ్చింది. దాన్ని అందుకునేనాటికి ఆయన డెట్రాయిట్ కోచ్.

కేసీ నల్లజాతివాడు. ఆయన కుర్చీలో కూర్చున్న నిక్ నర్స్ తెల్లవాడు, ఐదేళ్లుగా కేసీ దగ్గరే సహాయకుడు. ఇంతవరకు చెప్పి ఆపేస్తే మీ మనసులో ఒక తీర్పు వచ్చేస్తుంది. కానీ కేసీని తీసేసిన అధికారి మసాయ్ ఉజిరి నైజీరియాలో పెరిగిన నల్లజాతి మనిషి. ఆయనకో కారణమూ ఉంది. మేటి ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ ఉన్న క్లీవ్‌లాండ్ చేతిలో టొరాంటో వరుసగా మూడేళ్లు ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ తర్వాత టైటిల్ కోసం ఆడే సిరీస్‌లలో, ఓడింది, చివరి రెండుసార్లయితే ఒక్క ఆటా గెలవలేదు. మరుసటి ఏడాది నర్స్ టైటిల్ తెచ్చాడు. తీసేయడమే మంచిదైంది కదా అన్నారు. ఈలోగా లెబ్రాన్ లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయాడు, మరో మేటి ఆటగాడు కవాయ్ లెనర్డ్ టొరాంటోకి వచ్చాడు. ఆ రెండూ ఎంత పెద్ద మార్పులో బాస్కెట్‌బాల్ చూసేవాళ్లకి చెప్పక్కర్లేదు. అయినా కేసీ పేరు పక్కన "పెద్ద ఆటలు గెలిపించలేడు" అన్న మాట అతుక్కుపోయింది.

కోచ్ ఉద్యోగం అందరికీ నీటిమీద బుడగే. ఆటగాళ్ల ఒప్పందాలు కోట్ల డాలర్లవి, గ్యారంటీ ఉన్నవి. జట్టు ఓడితే పదిమంది ఆటగాళ్లని ఒక్కరోజులో మార్చలేరు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు కోచ్‌ని మారుస్తారు. తెల్లవాళ్లకీ ఇదే జరిగింది. జార్జ్ కార్ల్ 2013లో ఉత్తమ కోచ్ బహుమతి అందుకున్నాడు, 57 ఆటలు గెలిపించాడు, డెన్వర్ ఆయన్ని పంపేసింది. క్లీవ్‌లాండ్ కోచ్ డేవిడ్ బ్లాట్‌ని 2016 జనవరిలో 30 గెలుపులు, 11 ఓటములతో ఉండగానే తీసేశారు. డెన్వర్‌కి 2023లో టైటిల్ తెచ్చిన మైకేల్ మలోన్‌ని 2025లో, సీజన్ ముగియడానికి మూడు ఆటలుండగా తీసేశారు.

మరి జాతి ఊసెందుకు అంటారు. లెక్కల దగ్గరకు వెళ్దాం. 2005లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక పదేళ్ల రికార్డులు తిరగేసింది. నల్లజాతి కోచ్ ఒక జట్టులో సగటున 1.6 సీజన్లు ఉంటే, తెల్ల కోచ్ 2.4 సీజన్లు ఉన్నాడని తేలింది. మరుసటి ఏడాది లారెన్స్ కాన్ అనే ఆర్థికవేత్త, గెలుపోటములనూ తక్కిన సంగతులనూ లెక్కలోకి తీసుకుని చూస్తే, తీసేయడంలో జాతిని బట్టి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదన్నాడు. మీకు ఇష్టమైన అంకె ఏరుకుని ఇంటికెళ్లొచ్చు, చాలామంది అదే చేస్తారు. నాకు ఈ రెండూ కలిపి చదవాలనిపిస్తుంది. తీసేసే కత్తి అందరికీ ఒక్కటే కావచ్చు. ఆ కుర్చీ దాకా ఎవరెలా వచ్చారు, పోయాక ఎవరి గురించి ఏం మాట్లాడుకున్నాం, మళ్లీ ఎవరికి పిలుపు వచ్చింది అన్నవి వేరే లెక్కలు.

1966 ఏప్రిల్లో బోస్టన్ సెల్టిక్స్ బిల్ రసెల్‌ని ఆటగాడిగా ఉంచుతూనే కోచ్‌ని కూడా చేసింది. ఎన్‌బీఏలో మొదటి నల్లజాతి కోచ్ ఆయనే. ఆరోజు విలేకరి ఒకరు ఆయన్ని, తెల్ల ఆటగాళ్ల పట్ల పక్షపాతం లేకుండా పనిచేయగలరా అని అడిగారు. రసెల్ చేయగలనని ఒక్కమాటలో చెప్పి, 1968లో, 1969లో టైటిళ్లు గెలిచి చూపించాడు. నల్లజాతి ఆటగాళ్లతో న్యాయంగా ఉండగలవా అని ఏ తెల్ల కోచ్‌నైనా తొలిరోజున అడిగినట్టు నేనెక్కడా చదవలేదు.

ఆ ప్రశ్న వెనకున్న ఆలోచనకి తెలుగులో చక్కగా అమరే మాట ఉంది, మన ఇళ్లలోనే విన్నాను. నేనుండే న్యూజెర్సీలో ఆట చూస్తూ భోంచేసే శనివారాలు మాకు మామూలే. అలాంటి ఒక రాత్రి మనవాడొకాయన అన్నాడు: "వీళ్లు ఆడగలరండీ, ఆడించలేరు." గదిలో ఎవరూ అడ్డు చెప్పలేదు, నేను కూడా. ఆ రాత్రంతా అది నన్ను తొలిచేసింది. ఎందుకంటే నేను పనిచేసిన ఒక ఆఫీసులో నా గురించీ, నాలాంటి భారతీయుల గురించీ దాదాపు అదే మాట విన్నాను. పని బాగా చేస్తారు, చేయించడం వాళ్లవల్ల కాదు అని. ఆ మాట తిన్నవాళ్లం మనం. తిన్న మాటే ఇంకొకరికి ఎలా వడ్డిస్తాం?

ఈ మాటకి చదువుకున్న రూపాలు కూడా ఉన్నాయి. నల్లజాతి కోచ్ గెలిస్తే ఆటగాళ్లని ఉత్సాహపరిచాడంటారు, తెల్ల కోచ్ గెలిస్తే వ్యూహం గొప్పదంటారు. ఆట చూసేవాళ్లు ఈ తేడా మీద చెవి పెట్టి వినండి, ఎంత తరచుగా వస్తుందో.

మార్క్ జాక్సన్ సంగతి చూడండి. 2014లో గోల్డెన్ స్టేట్ వారియర్స్‌కి 51 గెలుపులు తెచ్చాక ఆయన్ని తీసేశారు. తర్వాత వచ్చిన స్టీవ్ కెర్ అంతకుముందు ఎక్కడా కోచ్‌గా చేయలేదు. మొదటి ఏడే 67 గెలుపులు, టైటిల్. కెర్ మార్పులు నిజంగా గొప్పవి, అందులో నాకు సందేహం లేదు. జాక్సన్ కూడా 2011లో ఏ కోచింగ్ అనుభవం లేకుండానే వచ్చాడు, అదీ చెప్పాలి. కానీ స్టెఫ్ కరీ, క్లే థాంప్సన్ ఉన్న ఆ జట్టుని 23 గెలుపుల నుంచి 51 దాకా తెచ్చిన మనిషికి ఆ తర్వాత ఏ జట్టూ హెడ్ కోచ్ పదవి ఇవ్వలేదు. కెర్ కంటే ముందు వారియర్స్‌కి టైటిల్ వచ్చింది 1975లో, ఆల్ అటిల్స్ కోచింగ్‌లో. ఆయనా నల్లజాతివాడే. ఆ ఫైనల్స్‌లో అవతలి జట్టు కోచ్ కె.సి. జోన్స్ కూడా. ఆ ఇద్దరి పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి?

ఆఖరిగా బ్రూక్లిన్. 2020 వేసవిలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత కోవిడ్ వల్ల లీగ్ ఆర్లాండోలో ఒక్కచోట ఉండి, ఆడే కోర్టు మీద "బ్లాక్ లైవ్స్ మ్యాటర్" అని రాసుకుని ఆడుతోంది. ఆగస్టు 26న మిల్వాకీ ఆటగాళ్లు నిరసనగా ఆటకే రాలేదు. వారం తిరిగేసరికి బ్రూక్లిన్ నెట్స్ తన కోచ్‌గా స్టీవ్ నాష్‌ని ప్రకటించింది. గొప్ప ఆటగాడే, కానీ ఎన్నడూ కోచ్‌గా చేయలేదు. అప్పటిదాకా తాత్కాలిక కోచ్‌గా ఉండి, ప్లేఆఫ్స్‌కి ముందు పది ఆటల్లో ఏడు గెలిపించిన జాక్ వాన్ నల్లజాతివాడు. ఇది తెల్లజాతికి దక్కే వెసులుబాటు అని టీవీ వ్యాఖ్యాత స్టీఫెన్ ఎ. స్మిత్ గట్టిగా అన్నాడు. మాజీ ఆటగాడు చార్లెస్ బార్క్‌లీ ఒప్పుకోలేదు. తనకు జీవితంలో అలాంటి వెసులుబాటు అందిందని నాష్ స్వయంగా అన్నాడు, అయితే ఈ ఉద్యోగం దానికి ఉదాహరణేనా అన్నది తనకు తేలలేదన్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

వాన్ అలిగి వెళ్లిపోలేదు. నాష్ పక్కనే సహాయకుడిగా కూర్చున్నాడు. 2022 నవంబర్ 1న నాష్‌ని తప్పించాక జట్టుని మళ్లీ వాన్‌కే అప్పగించారు. 2024 ఫిబ్రవరిలో ఆయన్నీ తీసేశారు.

నాకిచ్చిన సమయం అయింది. మీ ప్రశ్నలు వింటాను.