పాత అంబాసిడర్, కొత్త లైసెన్సు: ఇన్సూరెన్స్ ఎట్లా చేయించాలి?

నమస్తే. నా వెనక కనిపిస్తున్నది 1986 మోడల్ అంబాసిడర్. మా తాత బండి. హన్మకొండలో మా ఇంటి ముందు వేపచెట్టు కింద పదకొండేళ్లు కదలకుండా నిలబడింది. దీన్ని రోడ్డెక్కించడానికి మెకానిక్ ఎన్ని తిప్పలు పడ్డాడో ఇంకో వీడియోలో చెప్పాను. ఈ రోజు ఇన్సూరెన్స్ సంగతి.

ఎక్కువ మంది తమ్ముళ్లు అడిగేది ఒకటే. "అన్నా, నాకు ఇరవై ఏళ్లే. పాత బండికి ఇన్సూరెన్స్ ఇస్తారా? ప్రీమియం మస్తు పడుతదట కదా?" ఇది అమెరికా, ఇంగ్లండ్ వాళ్ల వీడియోలు చూసి పట్టుకున్న భయం. అక్కడ పాతికేళ్ల లోపు వాళ్లంటే క్లాసిక్ కార్ కంపెనీలు చాలావరకు మొహం తిప్పుకుంటాయి. మన దగ్గర థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఉండే కవర్, దాని ప్రీమియంలో వయసు ఊసే ఉండదు. ఇంజిన్ ఎన్ని సీసీ అన్నదే లెక్క. 2022 జూన్ 1 నుంచి వచ్చిన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకు 2,094 రూపాయలు, వెయ్యి దాటి పదిహేను వందల వరకు 3,416, ఆపైన 7,897. దీని మీద 18 శాతం జీఎస్టీ. కట్టేరోజు రేటు మారిందేమో ఒకసారి చూసుకోండి. అంబాసిడర్ పాత పెట్రోల్ ఇంజిన్ 1,489 సీసీ, అంటే మధ్య స్లాబు. జీఎస్టీతో కలిపి నాలుగు వేల ముప్పై చిల్లర. ప్రీమియర్ పద్మిని కారు 1,089 సీసీ, అదీ ఇదే స్లాబు. మారుతీ 800 అయితే ఇంకా తక్కువ.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మన దగ్గర చాలా అంబాసిడర్లలో పెట్రోల్ ఇంజిన్ దించేసి డీజిల్‌ది ఎక్కించారు. మీరు కొనే బండి కూడా అట్లాంటిదే అయితే, ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కిందా లేదా చూడండి. రెండు వేల సీసీ ఇంజిన్ పెట్టి, ఆర్‌సీలో 1,489 అనే ఉంటే, ఈరోజు ప్రీమియంలో జీఎస్టీతో కలిపి ఐదు వేల పైన మిగిలినట్టు కనిపిస్తుంది. రేపు క్లెయిమ్ రోజు నష్టం లెక్కగట్టే సర్వేయర్ బానెట్ లేపగానే కథ అడ్డం తిరుగుతుంది.

సరే, మన కుర్రాళ్లకు అసలు చిక్కు వచ్చేది కాగితాల్లో. నా బండి ఆర్‌సీ తాత పేరు మీద ఉంది. తాత పోయి ఏళ్లయింది. ఇట్లాంటప్పుడు పాత పాలసీ నడుస్తుంటే, యజమాని పోయిన రోజు నుంచి మూడు నెలల వరకో, గడువు ముగిసేదాకానో, ఏది ముందైతే అప్పటిదాకే చెల్లుతుంది. ఆ మూడు నెలల్లోనే వారసులు ఆర్టీఏలో ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. డెత్ సర్టిఫికెట్, వారసులెవరో చెప్పే పత్రం, మిగతా వారసులకు అభ్యంతరం లేదని అఫిడవిట్ సిద్ధం చేసుకోండి. మా ఇంట్లో పెదనాయన సంతకం కోసం కరీంనగర్ రెండుసార్లు వెళ్లొచ్చాను. ఆయన సంతకం పెట్టే ముందు, "బండి తీసుకో బిడ్డా, గని గణపతి పండుగకు మా ఊరికి తేవాలె" అని షరతు పెట్టాడు. అఫిడవిట్‌లో అది రాయలేదు.

వారసత్వం కాకుండా కొన్నారనుకోండి, అప్పుడు పేరు మార్పుకు ఫారం 29, 30. కొన్న పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి పాలసీ మీ పేరు మీదికి మార్పించుకోండి. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మాత్రం మీకు రాదు. అది బండిది కాదు, మనిషిది. మీది సున్నా నుంచి మొదలై, క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతం వస్తుంది, అట్లా పెరిగి 50 దగ్గర ఆగుతుంది.

పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్‌సీ గడువు చూసుకోండి, ఐదేళ్లకోసారి రెన్యువల్. ఆర్టీఏ వాళ్లు ఇన్సూరెన్స్ అడుగుతారు కాబట్టి ముందు అదే చేయించాలి. పాలసీ తెగిపోయి ఉంటే ఓన్ డ్యామేజ్, అంటే మన బండికే జరిగే నష్టానికి ఉండే కవర్, దాని కోసం బండి తనిఖీ తప్పదు. మా ఇంటికి వచ్చిన తనిఖీ అబ్బాయి నాకంటే చిన్నోడు. చాసిస్ నంబరు మీద సన్న కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే ఏమీ తేలలేదు. మూడు పొరల పెయింట్ మరి! థిన్నర్ ముంచిన గుడ్డతో పావుగంట తుడిస్తే అంకెలు బయటపడ్డాయి. ఆర్‌సీలో 8 ఉన్న చోట బండి మీద 3లా ఉంది. సెల్‌ఫోన్ లైట్ పక్క నుంచి కొట్టి చూస్తే 8 లోని ఎడమ గీతలు అరిగిపోయాయని తెలిసింది. మీరు ఆ పని తనిఖీకి ముందే చేసుకోండి.

ఇప్పుడు నేను దెబ్బతిన్న ముచ్చట. ఈ వీడియో చేస్తున్నదే దీని కోసం.

ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ, అంటే బండి పోతే కంపెనీ ఇచ్చే విలువ, పట్టిక ప్రకారం రాదు. మీరూ కంపెనీ మాట్లాడుకుని రాసుకోవాలి. మొదటిసారి నాకిది తెలియదు. ఏజెంట్ "గిది పాత బండి తమ్మీ, నలభై వేలు రాస్తున్న" అన్నాడు. ప్రీమియం తక్కువ కదా అని ఊరుకున్నాను. అప్పటికే బండి మీద రెండు లక్షల అరవై వేలు పెట్టి ఉన్నాను. ఎనిమిది నెలలకు హన్మకొండ చౌరస్తాలో ఒక ట్రాలీ ఆటో వచ్చి ముందు కుడివైపు గుద్దింది. ఫెండర్, హెడ్‌లైట్, రేడియేటర్. సర్వేయర్ లెక్క 31 వేలకు తేలింది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్క. నలభై వేలలో 75 శాతం ముప్పై. అంటే ఫెండర్ వంగితే బండి చచ్చిపోయినట్టు! చివరికి క్లెయిమ్ వదులుకుని జేబులోంచే చేయించుకున్నాను.

తర్వాతి ఏడాది లైసెన్సు ఉన్న సర్వేయర్‌తో విలువ కట్టించాను. పెయింట్ బిల్లులు, ఇంజిన్ పని బిల్లులు, నాలుగు వైపులా ఫోటోలు, అన్నీ ఒక ఫైలు. ఆన్‌లైన్ సైట్లలో ఇంత పాత మోడల్‌కు ఓన్ డ్యామేజ్ దొరకడం కష్టం. ఆ ఫైలు పట్టుకుని ప్రభుత్వ రంగ కంపెనీ బ్రాంచీకి నేరుగా వెళ్లి మాట్లాడటం మేలు. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, నేషనల్, ఓరియంటల్ ఆ నాలుగూ. నాకు రెండు లక్షలకు ఒప్పుకున్నారు. ఆ అంకె పాలసీ కాగితం మీద పడిందా లేదా, అక్కడే కుర్చీలో కూర్చుని చదవండి.

అయినా క్లెయిమ్‌లో బిల్లంతా రాదు. పదేళ్లు దాటిన బండికి ఇనుప పార్టుల ధరలో సగం, రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీలకూ సగం కోస్తారు. ఉదాహరణకు ఫెండర్ 8 వేలు, రబ్బర్లు 2 వేలు, కూలి 5 వేలు. కంపెనీ లెక్క 4, 1, 5, మొత్తం పది. పదిహేను వందల సీసీ లోపు బండికి తప్పనిసరి కోత వెయ్యి. చేతికి తొమ్మిది. జీరో డెప్, అంటే పార్టుల ధరలో ఈ కోత లేకుండా ఇచ్చే కవర్, ఇంత పాత బండికి ఇవ్వరు, అడిగి టైం వేస్ట్ చేసుకోకండి.

అంత కోత ఉంటే థర్డ్ పార్టీ ఒక్కటే చాలదా అంటారు. మన వరంగల్‌లో నేను ఆ సలహా ఇవ్వను. 2020 ఆగస్టులో, 2023 జూలైలో కాలనీలకు కాలనీలు నీళ్లలో నిలబడటం మనం చూశాం. మునిగిన బండికి థర్డ్ పార్టీ రూపాయి ఇవ్వదు. ఓన్ డ్యామేజ్ ఉన్నా, నీళ్లలో నిలిచిన బండిని స్టార్ట్ చేసి ఇంజిన్ పట్టేస్తే కంపెనీ చేతులెత్తేస్తుంది. తాళం జోలికి వెళ్లకుండా తోసుకుని రండి.

బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించే సంగతి చాలామంది అడిగారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. 2021 నిబంధనల కింద వీఏ సిరీస్ నంబరు ఇస్తారు, ఫీజు 20 వేలు, థర్డ్ పార్టీ ప్రీమియం సగమే. కానీ రోజూ తిప్పకూడదు, ర్యాలీలకూ ఎగ్జిబిషన్లకూ రిపేరుకూ అంతే. నా బండికి 2036 దాకా ఆ యోగం లేదు, వచ్చినా తీసుకుంటానో లేదో.

చివరగా ప్రీ వెడ్డింగ్ షూట్లు. ఖిల్లా వరంగల్ తోరణాల దగ్గర, లక్నవరంలో అంబాసిడర్ అంటే పడిచస్తున్నారు. రోజుకు ఐదు వేలు ఇస్తామని నన్నూ అడుగుతారు. ప్రైవేటు కారు పాలసీలో కిరాయి వాడకం కవర్ కాదు. డబ్బు తీసుకుని పంపాక దారిలో ఏదైనా అయితే బాధ్యత మొత్తం మీ నెత్తినే. మా చిన్నమ్మ కొడుకు పెళ్లికి మాత్రం ఊరికే పంపాను. పెట్రోల్ వాళ్లే పోయించారు, వెనక సీటు నిండా బంతిపూల రేకులు, ఇప్పటికీ సందుల్లోంచి ఊడ్చుకుంటూనే ఉన్నాను.