రెన్నీగారి రెండు వంతెనలు

శ్రోతలకు నమస్కారం.

లండన్‌లో థేమ్స్ నది మీద ఒక రాతి వంతెన ఆరువందల ఏళ్లకు పైగా నిలబడింది. 1176లో పీటర్ అనే మతాచార్యుడు పని మొదలుపెట్టాడు. 1209లో పూర్తయ్యేనాటికి ఆయన లేడు. వంతెన మీదే ఉన్న చిన్న ప్రార్థనాలయంలో ఆయన్ని సమాధి చేశారు.

మొత్తం 19 కమానులు. ప్రతి స్తంభం చుట్టూ నీళ్లలో దుంగలు పాతి, మధ్యలో రాళ్లు పోసి దిమ్మెలు కట్టారు. అవి అరిగినప్పుడల్లా ఇంకాస్త కర్ర, ఇంకాస్త రాయి. దిమ్మెలు లావెక్కేకొద్దీ నీటిదారి సన్నబడింది. చివరికి అది వంతెనా, ఆనకట్టా అనిపించేలా తయారైంది. సముద్రం పాటు తీసే వేళ ఎగువకీ దిగువకీ నీటిమట్టంలో ఆరడుగుల దాకా తేడా! కమాను కింద నీరు జలపాతంలా దూకేది. పడవలో వచ్చేవాళ్లు చాలామంది ముందే గట్టున దిగిపోయి, వంతెన అవతల మళ్లీ ఎక్కేవారు. తెలివైనవాడు వంతెన మీదుగా పోతాడు, తెలివితక్కువవాడు కిందనుంచి పోతాడని అక్కడ సామెత కూడా ఉంది.

ఆ అడ్డు వల్లే ఎగువన నీరు నెమ్మదించి, గట్టి చలికాలాల్లో గడ్డకట్టేది. ఆ మంచు మీద అంగళ్లు వేసి తిరునాళ్లు జరిపేవారు. చివరిది 1814లో.

1759లో పడవల దారి కోసమని నడిమి స్తంభం ఒకటి తీసి, రెండు కమానుల్ని ఒకటి చేశారు. ఇంకేముంది, నీళ్లన్నీ అటే పరుగు. పక్క స్తంభాల కింద నేల కోసుకుపోయింది. జాన్ స్మీటన్ అనే ఇంజనీరును పిలిపిస్తే, ముందు రాళ్లు పోయండి అన్నాడు. రాళ్లెక్కడివి? అప్పుడే నగర ద్వారాలు పడగొట్టి, ఆ రాళ్లు అమ్మేశారు. అమ్మినవాటినే మళ్లీ కొనితెచ్చి నదిలో పోశారు! ఈ కథలో నాకు మహా ఇష్టమైన ఘట్టం ఇదే.

ఒక్క స్తంభం తీస్తేనే అంత కోత. మరి మొత్తం తీసేస్తే?

జాన్ రెన్నీ అనే ఇంజనీరు గీసిన నమూనాతో, ఆయన పోయాక కొడుకు పక్కనే కొత్త వంతెన కట్టాడు. 1831 ఆగస్టు 1న నాలుగో విలియం రాజు దాన్ని ప్రారంభించాడు. ఆ వెంటనే పాతదాన్ని కూలగొట్టారు. అడ్డు పోయిన థేమ్స్ వేగం పెరిగింది. మంచు తిరునాళ్లు మళ్లీ జరగలేదు.

ఎగువన 1817లో తెరిచిన వాటర్లూ వంతెన ఉంది. అదీ పెద్ద రెన్నీ గీసిందే. 1880ల్లో దాని పునాదుల్లో కోత బయటపడింది. పాత వంతెన పోయి ప్రవాహం పెరగడమే కారణం. 1924లో ఒక స్తంభం కుంగి రాకపోకలు ఆగాయి. బాగుచేద్దామా, తీసేద్దామా అని పదేళ్లు వాదులాడి, 1934లో కూల్చడం మొదలెట్టారు. రెన్నీ గీసిన ఒక వంతెన కోసం పాతదాన్ని తీసేస్తే, ఆ దెబ్బ ఆయన గీసిన ఇంకో వంతెనకే తగిలింది, చూడండి.

ఆరువందల ఏళ్ల ఆ వంతెన ముక్కలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. బళ్లు వస్తే నడిచేవాళ్లు తప్పుకోవడానికి కట్టిన రాతి గూళ్లలో ఒకటి గైస్ ఆసుపత్రి ఆవరణలో ఉంది. అందులో, అక్కడే వైద్యం చదువుకున్న కవి కీట్స్ కంచు విగ్రహం కూర్చుని ఉంటుంది. పక్కన ఇంకొకరికి చోటు ఉంది.

సెలవు.