రైఫిల్ బ్రాస్ ఎక్కువసార్లు రావాలంటే: డై దగ్గర మనం చేసే తప్పు

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వెళ్ళిపోతా. రీలోడింగ్, అంటే కాల్చిన కేసులో మళ్ళీ మందు, బుల్లెట్ పెట్టి వాడుకోవడం, చేసేవాళ్ళం పౌడర్ గురించి, బుల్లెట్ గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. కానీ పౌడర్ కాలిపోతుంది, బుల్లెట్ వెళ్ళిపోతుంది, మందుని అంటించే ప్రైమర్ ఒక్కసారికే, చేతిలో మిగిలేది ఆ ఇత్తడి కేసు ఒక్కటే, దాని గురించి మాత్రం అది చీలిపోయేదాకా ఆలోచించం.

"ఒక కేసు ఎన్నిసార్లు కాల్చొచ్చండీ" అని అడుగుతుంటారు. దీనికి ఒక నంబర్ చెప్పడం నాకిష్టం ఉండదు. ఒకే డబ్బాలోంచి తీసిన కేసులు ఒకరి దగ్గర నాలుగైదుసార్లకే పోతాయి, ఇంకొకరి దగ్గర పది దాటినా బానే ఉంటాయి. ఇత్తడి అదే, లోడ్ కూడా ఇంచుమించు అదే. తేడా ఎక్కువగా సైజింగ్ డైని, అంటే ఉబ్బిన కేసుని నొక్కి మళ్ళీ కొలతకి తెచ్చే అచ్చుని, ఎలా సెట్ చేశారన్న దగ్గరే ఉంటుంది, అందుకే ఈరోజు ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతా.

మొదట్లో నేను డైతో పాటు వచ్చిన కాగితంలో ఉన్నట్టే చేసేవాణ్ణి, డైని షెల్‌హోల్డర్‌కి, అంటే కేసు అడుగుని పట్టుకునే ముక్కకి, తగిలేదాకా దింపడం, ఆపైన ఇంకో పావు చుట్టు బిగించడం, అంతే. .308 రైఫిల్ కేసులు ఐదోసారికి వచ్చేసరికి కేసు అడుగు భాగానికి కాస్త పైన చుట్టూ సన్నగా మెరిసే గీత ఒకటి కనపడింది, మురికేమోలే అనుకుని వదిలేశా. తర్వాత కాల్పుల్లో ఒక కేసు అక్కడే రెండు ముక్కలైంది. కేసుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ అడుగు ముక్కని మాత్రమే లాక్కొచ్చింది, ముందు ముక్క తుపాకిలో కేసు కూర్చునే చాంబర్లోనే ఉండిపోయింది. కళ్ళజోడు పెట్టుకుని ఉన్నా కాబట్టి ఏం కాలేదు. అప్పట్నుంచి కళ్ళజోడు లేకుండా ఎవరైనా కాలుస్తుంటే నాకు ఊపిరాడదు.

అసలు లోపల ఏం జరుగుతుందో చూడండి. ఫైరింగ్ పిన్ కొట్టగానే కేసు మొత్తం ముందుకి జరుగుతుంది. ప్రెషర్ పెరిగేకొద్దీ ముందు భాగం, అంటే గోడ పల్చగా ఉండే భాగం, ఉబ్బి చాంబర్ని గట్టిగా పట్టేస్తుంది. అడుగు భాగం మందం, అది అలా పట్టుకోలేదు, వెనక బోల్ట్ దాకా ఎంత ఖాళీ ఉంటే అంత వెనక్కి పోతుంది. ముందు సగం కదలదు, వెనక సగం ఆగదు, మరి మధ్యలో ఎక్కడో అక్కడ సాగాల్సిందే కదా, సాగేది మందం గోడ పల్చబడే చోట, ఆ మెరిసే గీత వచ్చేది కూడా అక్కడే. మనం డైలో షోల్డర్‌ని, అంటే కేసు పైన సన్నబడే వాలుని, ఎంత ఎక్కువ వెనక్కి నొక్కితే ఆ ఖాళీ అంత పెరుగుతుంది, ప్రతిసారీ నొక్కడం, ప్రతిసారీ సాగడం, గోడ లోపల్నుంచి అరిగినట్టు పల్చబడిపోతుంది.

అందుకని డైని తగిలేదాకా దింపకండి, కొలిచి దింపండి. కాల్చిన కేసు ప్రైమర్ తీసేసి కంపారేటర్ అనే కొలిచే ముక్క పెట్టి అడుగు నుంచి షోల్డర్ దాకా కొలవండి, ఒకటి కాదు, నాలుగైదు కేసులు కొలవండి. తర్వాత డైని కొంచెం కొంచెంగా దింపుకుంటూ బోల్ట్ యాక్షన్ అయితే 1 నుంచి 2 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఒకటో రెండో, అంతే షోల్డర్ వెనక్కి వెళ్ళేలా ఆపండి. సెమీ ఆటోమేటిక్ అయితే 3 నుంచి 5 థౌ ఇవ్వాలి, దాంట్లో కేసు ఇరుక్కోకుండా తనంతట తను చాంబర్లోకి పోవాలి కాబట్టి. ఈ ఒక్క కొలత పట్టుకుంటే మిగతావన్నీ సగం సర్దుకున్నట్టే.

.303 బ్రిటిష్ వాళ్ళకి ఇంకో మాట. అది రిమ్ మీద, అంటే అడుగున బయటికి వచ్చిన అంచు మీద, ఆగే కేసు, పాత మిలిటరీ లీ ఎన్‌ఫీల్డ్ చాంబర్లు షోల్డర్ దగ్గర బాగా వదులు, కొత్త కేసు మొదటిసారికే చాలా సాగిపోతుంది. రిమ్ ముందు ఒక సన్న రబ్బర్ ఓ-రింగ్ ఎక్కించి మొదటిసారి కాలిస్తే కేసు వెనక్కి ఆని ఉంటుంది, షోల్డర్ ముందుకి పొంగి చాంబర్ ఆకారానికి వస్తుంది, సాగడం తగ్గుతుంది. ఆ తర్వాత ఆ షోల్డర్‌ని చెడగొట్టకుండా సైజ్ చేసుకోవాలి. అడుగు దగ్గర పట్టీ ఉండే బెల్టెడ్ మాగ్నమ్ కేసులకీ ఇదే లెక్క, బెల్ట్ మీద కాకుండా షోల్డర్ మీద ఆగేలా డై పెట్టుకోండి.

బయట గీత కనపడేదాకా ఆగొద్దు. ఒక పేపర్ క్లిప్ తీసి విప్పి, కొనని చిన్న కొక్కెంలా వంచి పదును పెట్టి, కేసు లోపల అడుగు నుంచి పైకి గీస్తూ రండి. ఎక్కడైనా చిన్న గుంతలో పడ్డట్టు తగిలితే ఆ కేసు అయిపోయినట్టే, ఇంకొక్కసారి చూద్దాంలే అనుకోకండి, దయచేసి.

ఇప్పుడు నెక్, అంటే బుల్లెట్‌ని పట్టుకునే కేసు మెడ. కార్ట్రిడ్జ్ బ్రాస్ అంటే 70 శాతం రాగి, 30 శాతం జింకు. వంచేకొద్దీ గట్టిపడి పెళుసెక్కుతుంది. కంచరి గిన్నె కొడుతూ కొడుతూ మధ్యలో కొలిమిలో పెట్టేది అందుకే, పెట్టకపోతే పగులుతుంది. మన కేసు నెక్‌కి కాల్చినప్పుడు ఒక సాగుడు, డైలో ఒక నొక్కుడు, నెక్ లోపలి కొలత సరిచేసే ఎక్స్‌పాండర్ బయటికి వస్తూ ఇంకో సాగుడు. చాలా డైలు అవసరానికి మించి నొక్కుతాయి, నెక్ ఎంత నొక్కాలో మనమే ఎంచుకునే బుషింగ్ డై ఉంటే ఆ బాధ తగ్గుతుంది, లేకపోతే కనీసం నెక్ లోపల కూడా కాస్త లూబ్ రాయండి.

ఆనీలింగ్ చేసేది ఈ గట్టిదనం పోగొట్టడానికే. వేడి నెక్‌కి, షోల్డర్‌కి మాత్రమే, కేసుని తిప్పుతూ కొన్ని సెకన్లు, మసక చీకట్లో ఎరుపు అప్పుడే మొదలవుతోంది అనగానే తీసేయాలి. నారింజ రంగు వచ్చిందంటే మరీ మెత్తబడిపోయింది. అడుగు వైపు వేడి అస్సలు పోకూడదు, అడుగు మెత్తబడితే ప్రెషర్ ఆపలేదు, అది నిజంగా ప్రమాదం. నేనైతే షోల్డర్ కింద 230 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర కరిగే టెంపరేచర్ పెయింట్ గీత గీస్తా, అది కరగలేదంటే సరిగ్గా చేసినట్టు. నీళ్ళలో వేస్తే ఉక్కులా గట్టిపడుతుందేమో అని కొందరి అనుమానం, ఇత్తడికి అలా జరగదు, వేడి కిందికి పాకకుండా ఆగుతుందంతే. ఇంకోటి, ఆనీల్ చేశాక ఇత్తడి వెనక్కి ఎగిరే గుణం మారుతుంది కాబట్టి షోల్డర్ మళ్ళీ కొలుచుకోవాలి.

క్లీనింగ్ దగ్గర ఒకటే చెప్తా, అమ్మోనియా ఉన్న పాలిష్ ముట్టుకోకండి. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఇండియాలో వానాకాలం తూటాల్ని గుర్రాల కొట్టాల్లో దాచేవాళ్ళు, కాల్చకుండానే కేసులు పగిలిపోయేవి, సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. 1921లో మూర్, బెకిన్సేల్, మల్లిన్సన్ అని ముగ్గురు తేల్చారు, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, కేసు తయారీలో లోపల ఉండిపోయిన ఒత్తిడి, రెండూ కలిసి ఇత్తడిని పగలగొడుతున్నాయని. మనం సైజ్ చేసిన నెక్‌లో కూడా ఆ ఒత్తిడి ఉంటుంది, దానికి అమ్మోనియా మనమే పూయడం ఎందుకు. కేసుల్ని దొర్లించి శుభ్రం చేసే టంబ్లర్ చాలు, దాని దుమ్ములో ప్రైమర్ నుంచి వచ్చిన సీసం ఉంటుంది కాబట్టి మాస్క్ పెట్టుకోండి.

ప్రైమర్ పాకెట్, అంటే కేసు అడుగున ప్రైమర్ కూర్చునే గుంత, వదులైతే మాత్రం బాగుచేసే దారి లేదు. అది ప్రెషర్ వల్ల వచ్చేది. .30-30 గరిష్ఠ ప్రెషర్ 42,000 పీఎస్ఐ, .308ది 62,000, ఒత్తిడి ఎక్కువున్న చోట కేసు అడుగు త్వరగా పెద్దదవుతుంది. గరిష్ఠ లోడ్ దగ్గరే ఎప్పుడూ కాల్చేవాళ్ళకి నెక్ ఇంకా బాగుండగానే పాకెట్ పోతుంది. ప్రైమర్ వేలితో నొక్కినా దిగిపోతోందంటే ఆ కేసు తీసేయండి.

పొడవు కూడా చూసుకోండి, .308 గరిష్ఠం 2.015 అంగుళాలు, 2.005కి ట్రిమ్ చేస్తారు, అంటే నెక్ అంచు కోసి పొడవు తగ్గిస్తారు. మాటిమాటికీ ట్రిమ్ చేయాల్సి వస్తోందంటే ఆ ఇత్తడి ఎక్కడ్నుంచో సాగి వస్తోందనే అర్థం, డై సెట్టింగ్ మళ్ళీ చూడండి.

కేసుల్ని కలపకండి, 50 చొప్పున డబ్బాల్లో పెట్టి మూత మీద ఎన్నోసారి కాల్చారో, ఎప్పుడు ఆనీల్ చేశారో రాయండి. పారేసే కేసు నెక్‌ని పక్కడుతో నలిపి పారేయండి, మళ్ళీ ఎవరి చేతుల్లోనూ పడకుండా.

ఆ టేబుల్ మీద నిలువుగా కోసిన కేసులు కొన్ని పెట్టా, విరిగిన ఆ .308 కూడా ఉంది. పక్కనే వంచిన క్లిప్పులున్నాయి, ముందు కోయని కేసులో గీసి చూడండి, గుంత తగిలిందా లేదా చెప్పండి, తర్వాత కోసింది చూద్దాం.