గ్లాసు అడిగితే ఎంత పోస్తారు?

ఐర్లండ్‌లో తాగుడు మాటలు అనగానే తాగినవాడికి పెట్టే పేర్లే అందరూ ఏకరువు పెడతారు. నన్నడిగితే ముందు కొలతలు తేలాలి. కొత్తవాళ్లు బోల్తా పడేది అక్కడే.

పబ్బులో గిన్నెస్ బీరు ఒక 'గ్లాస్' అడిగితే వచ్చేది అర పింటు, 284 మిల్లీలీటర్లు. పూర్తి పింటు 568. అదే 'గ్లాస్' విస్కీ అంటే మాత్రం 71 మిల్లీలీటర్లు, డబుల్ అన్నమాట. అందులో సగం, 35.5, 'హాఫ్ వన్'. పేరులో సగం ఉంది కదాని చిన్నచూపు చూడకండి, మన 30 పెగ్గు కంటే అది పెద్దదే.

సీసాల లెక్క మనకు తేలిక. 'న్యాగిన్' 200 మిల్లీలీటర్లు, మన క్వార్టర్‌కి అక్క వరస. నాగిని అనకండి, నవ్వుతారు. 'షోల్డర్' 350, మన హాఫ్‌కి చెల్లెలు.

ఇక ఊరి మాటలు. డబ్లిన్‌లో 'స్కూప్స్'కి పోదామన్నా, 'గార్గిల్'కి పోదామన్నా మందుకే. గార్గిల్ అనగానే ఉప్పునీళ్లు గుర్తొస్తే అది మన తప్పు. ఉత్తరాన అల్‌స్టర్‌లో 'క్యారీ ఔట్' అంటే ఇంటికి పట్టుకెళ్లే సీసాలు, డబ్బాలు. 'హీ ఈజ్ ఫుల్' అంటే తాగేసి ఉన్నాడని. మన 'ఫుల్లుగా ఉన్నాడు'కి ఇంత దగ్గరి చుట్టం ఇంకెక్కడా దొరకదేమో!

కార్క్ నగరంలో మాత్రం నాలుక అదుపులో ఉండాలి. 'హీ ఈజ్ లాంగర్స్' అంటే మత్తులో ఉన్నాడు. 'హీ ఈజ్ ఎ లాంగర్' అంటే వాడొట్టి వెధవ. చివరి 'స్' మింగేసి మధ్యలో 'ఎ' పెట్టారా, జాలి కాస్తా తిట్టయి కూర్చుంటుంది.

'ఆన్ ది లాష్', 'ఆన్ ది టేర్', 'ఆన్ ది బ్యాటర్': ఒకటి రెండు పింట్లతో ఆగే వ్యవహారం కాదని అర్థం. మానేసినవాడు 'ఆన్ ది డ్రై'. ఐరిష్ భాషలోనూ తాగి ఉండటం 'ఆర్ మెష్కె', ఆ 'ఆర్' అంటే 'మీద'.

'రౌండ్' సంగతి ఒక్కటి. నలుగురు కూర్చుంటే ఒక్కొక్కరూ ఒక్కోసారి అందరికీ కొనాలి. అంటే తలా నాలుగు పింట్లు, రెండుంపావు లీటర్ల పైమాటే. నిదానంగా తాగేవాడి ముందు నిండు గ్లాసులు పోగుపడతాయి. మధ్యలో జారుకుంటే పిసినారి ముద్ర ఖాయం. మొదటి రౌండ్ మీరే కొనేసి, తర్వాత 'మినరల్' చెప్పండి. వచ్చేది నీళ్ల సీసా కాదు, కూల్‌డ్రింకు.