చల్లటి సముద్రంలో కయాక్ మీద చేపల వేట: ముందు పడటం, ఎక్కడం నేర్చుకోండి

నమస్తే అండి. ఆదివారం పొద్దున్నే హాలు నిండింది. మీలో కొందరు త్వరలో సియాటిల్‌కో వాంకూవర్‌కో బోస్టన్‌కో వెళ్తున్నారు, కొందరి పిల్లలు ఇప్పటికే అక్కడున్నారు. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లు ముందు కారు కొంటారు, కొన్నాళ్లకి ఒక కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ), రెండు గాలాలు కొంటారు, ఎండ బాగా కాసిన ఏదో ఒక శనివారం టీషర్టు మీదే సముద్రంలోకి వెళ్లిపోతారు. నేను ఇవాళ వచ్చింది ఆ శనివారం గురించి చెప్పడానికే.

ముందు ఒక పని. ఈ బకెట్‌లో ఐసు వేసిన నీళ్లున్నాయి, థర్మామీటర్ 10 డిగ్రీలు చూపిస్తోంది. సియాటిల్‌ని ఆనుకుని ఉన్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో ఏడాది పొడుగునా నీళ్లు దాదాపు ఇలాగే ఉంటాయి, మంచి వేసవిలో కూడా చాలాచోట్ల 13 దగ్గరే ఆగిపోతాయి. ముందు వరుసలో ఉన్న తమ్ముడూ, ఇలా రా. రెండు చేతులూ మణికట్టు దాకా ముంచి ఉంచు. నొప్పి ఎక్కువైతే తీసేయ్, పంతం వద్దు. మనం మాట్లాడుకుంటూ ఉందాం.

విశాఖలో మన జాలర్లు తెప్ప మీద నుంచి పడితే ఈదుకుంటూ వచ్చి మళ్లీ ఎక్కుతారు. అక్కడి నీళ్లు వెచ్చన. చలినీళ్లలో మనిషిని ముందుగా దెబ్బతీసేది లోతు కాదు, ఊపిరి. పడగానే మన ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుని గట్టిగా గాలి పీలుస్తాం. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే లోపలికి పోయేది గాలి కాదు. గజ ఈతగాడికైనా ఇదే జరుగుతుంది. కెనడాలో మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీనిమీద ఏళ్ల తరబడి పనిచేశారు, పరిశోధన కోసం తనే చాలాసార్లు మంచునీళ్లలోకి దిగిన మనిషి. ఆయన ప్రచారంలోకి తెచ్చిన లెక్క 1-10-1. మొదటి 1 నిమిషంలో ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవాలి. తర్వాత సుమారు 10 నిమిషాలే చేతులూ కాళ్లూ మన మాట వింటాయి. ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది. అందరూ భయపడేది ఆ గంట గురించి, కానీ లైఫ్ జాకెట్ లేని మనిషి చాలాసార్లు అంతదాకా రాడు, మొదటి పదకొండు నిమిషాల్లోనే పోతాడు. అందుకే జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు వెనక కట్టి పెట్టుకున్నది లేనట్టే లెక్క.

తమ్ముడూ, చేతులు తియ్యి. ఇదిగో నైలాన్ దారం, ఇదిగో స్వివెల్, అంటే దారం మెలిపడకుండా కట్టే చిన్న లోహపు ముక్క. రోజూ వేసే ముడే వెయ్యి. చూడండి, దారం కొస ఆ చిన్న కన్నంలోకి పోవట్లేదు, వేళ్లకి దారం తగులుతున్నట్టే తెలియట్లేదంటున్నాడు. ఇది పొడి బట్టల్లో, కుర్చీలో కూర్చుని, కదలని నేల మీద. ఇవే వేళ్లతో తిరగబడ్డ పడవని పట్టుకోవాలి, రేడియో బటన్ నొక్కాలి. థాంక్స్ తమ్ముడూ, ఆ టవల్ తీసుకో.

కాబట్టి బట్టలు ఎండని చూసి కాదు, నీళ్లని చూసి వేసుకోవాలి. 10 డిగ్రీల నీళ్లకి నా సలహా డ్రైసూట్. మెడ దగ్గరా మణికట్ల దగ్గరా రబ్బరు పట్టీలు బిగుతుగా ఉంటాయి, లోపలికి చుక్క రాదు. కానీ డ్రైసూట్ దానంతటది వెచ్చదనం ఇవ్వదు, లోపల ఉన్ని గానీ ఫ్లీస్ గానీ వేసుకోవాలి, కాటన్ అసలు వద్దు. జిప్పు పూర్తిగా పెట్టాక గొంతుక్కూర్చుని, మెడ పట్టీని వేలితో కొంచెం లాగితే లోపలి గాలి బుస్సుమని బయటికి పోతుంది. ఈ పని మర్చిపోతే గాలి కాళ్లలోకి చేరి, నీళ్లలో పడ్డప్పుడు ఇబ్బంది పెడుతుంది. బడ్జెట్ చాలకపోతే నియోప్రిన్ అనే స్పాంజిలాంటి రబ్బరుతో చేసిన మందపాటి వెట్‌సూట్ తీసుకోండి, బూట్లు, గ్లౌజులు కూడా. డబ్బు ఒకదానికే ఉంటే ముందు సూటు కొనండి, పడవ అద్దెకి దొరుకుతుంది.

ఇక అసలు విషయం. ఈ విద్యలో ముఖ్యమైనది వెచ్చటి నీళ్లలోనే నేర్చుకోవాలి, అందుకు హైదరాబాద్ చాలా మంచి చోటు. తెడ్డు వేయడం వికారాబాద్ వైపు కోట్‌పల్లి ప్రాజెక్టులోనో, దుర్గం చెరువులోనో నేర్చుకోవచ్చు (దుర్గం చెరువులో పడే ప్రాక్టీసు మాత్రం వద్దు, ఆ నీళ్లు నోట్లోకి పోకూడదు). పడటం, ఎక్కడం మాత్రం స్విమ్మింగ్ పూల్‌లోనో, నిర్వాహకుల్ని అడిగి, పక్కన మనిషిని పెట్టుకుని రిజర్వాయర్‌లోనో చేయండి. మొదలుపెట్టేవాళ్లకి పైన కూర్చునే రకం కయాక్ మంచిది, లోపల నీళ్లు నిలవవు. అది బోర్లా పడితే అవతలి అంచు అందుకుని, బరువంతా వెనక్కి వేసి లాగి తిప్పండి. తర్వాత సీటు పక్కకి వచ్చి, కాళ్లు వెనక్కి చాపి నీటి మీద తేలేలా గట్టిగా తన్నండి. చేతుల బలంతో పైకి లేద్దామని చూస్తే పడవ మళ్లీ మీద పడుతుంది. బొజ్జ మీద అడ్డంగా పాకండి, వెల్లకిలా తిరగండి, పిర్రలు సీటులో పడ్డాక కాళ్లు లోపలికి తీసుకోండి. బొజ్జ, వీపు, పిర్రలు, ఈ వరసే. కళ్లు మూసుకున్నా వచ్చేదాకా చేయండి, అలిసిపోయాక ఇంకోసారి చేయండి. ఇది రానివాళ్లు చలిసముద్రంలో గాలం పట్టుకోకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

సముద్రానికీ మన చెరువులకీ పెద్ద తేడా ఆటుపోట్లు. సియాటిల్‌కి ఉత్తరాన డిసెప్షన్ పాస్ అనే ఇరుకు దారిలో ప్రవాహం గంటకి 15 కిలోమీటర్ల దాకా వెళ్తుంది, మనం తెడ్డు వేస్తే 5, 6 కిలోమీటర్లు. టైడ్ టేబుల్, అంటే ఆటుపోట్ల వేళల పట్టిక చూసి, పోటుకీ ఆటుకీ మధ్య నీళ్లు నిలకడగా ఉండే వేళ ఎంచుకోండి. గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంటే ఇంకా జాగ్రత్త: ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా కనిపిస్తాయి, లోపలికి వెళ్లాక తిరిగి రానివ్వవు. పడవలవాళ్లు మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో జాకెట్‌కే తగిలించుకోండి, అత్యవసర ఛానెల్ 16. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లండి.

చేపల సంగతికొస్తే, మొదట్లో గాలం ఇంట్లో పెట్టి వెళ్లండి. అలవాటయ్యాక ఒకే ఒక్క గాలం, అది నీళ్లలో పోకుండా పడవకి కట్టే తాడు. లంగరు పక్కనుంచి వేయొద్దు, ప్రవాహం లాగితే పడవ బోల్తా పడుతుంది. ముందు కొసకో వెనక కొసకో ఉండాలి, ఒక్క గుంజుతో ఊడిపోవాలి, దారం కోసే కత్తి చేతికందాలి. అక్కడ కెల్ప్ అని పొడవాటి సముద్రపు నాచు ఉంటుంది, నీళ్లు నెమ్మదిగా ఉన్నప్పుడు దాని కాడలు ఒళ్లో వేసుకుంటే లంగరు అక్కర్లేకుండానే నిలబడొచ్చు. రాళ్లున్నచోట జిగ్ (బరువున్న నకిలీ ఎర) అడుక్కి తగిలేదాకా వదిలి, రెండు చుట్లు పైకి తీసి ఆడిస్తే లింగ్‌కాడ్ అనే చేప పడుతుంది. తెల్లటి గట్టి కండ, చింతపండు పులుసులో చెదరదు. పళ్లు మాత్రం పదును, ఒళ్లోకి లాక్కోకండి. ప్యూజెట్ సౌండ్‌లో లింగ్‌కాడ్ సీజన్ మే 1 నుంచి జూన్ 15 వరకే, 26 నుంచి 36 అంగుళాల మధ్యది రోజుకి ఒక్కటే. పింక్ సాల్మన్ పెద్ద గుంపులుగా వచ్చేది బేసి సంవత్సరాల్లో, అంటే మళ్లీ 2027లో. రాక్‌ఫిష్ అనే చేప పడినా అక్కడ ఉంచుకోకూడదు. అందులో ఎల్లోఐ రకం వందేళ్లకి పైగా బతుకుతుంది, అలాంటిదాన్ని పట్టి చంపితే ఆ చోట మళ్లీ పెరగడానికి మన జీవితం చాలదు. 15 ఏళ్లు నిండినవాళ్లకి సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో చేపల వేటకి లైసెన్స్ కావాలి. రూల్స్ మారుతుంటాయి, బయల్దేరే ముందు రోజు రాత్రి ఆ రాష్ట్ర చేపల శాఖ సైట్‌లో చూసుకోండి.

సరే, మైక్ అటు ఇవ్వండి. ముందు ఆ వెనక కూర్చున్న అమ్మ అడుగుతారు, ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తే ఉన్నారు.